ఉత్తి చేతులతో అయితే గంట

మా ఆయనకి కొయ్యూరు బదిలీ అయిందని తెలియగానే చుట్టాలందరూ ఒకే మాట అన్నారు. "ఆయన్ని వెళ్ళనీ, నువ్వు పిల్లల్ని పెట్టుకుని నర్సీపట్నంలోనే ఉండిపో." ఏజెన్సీ అనగానే మన వైపు అదో అలవాటు కదండీ. జ్వరాలంటారు, కరెంటు ఉండదంటారు, పిల్లల చదువు పోతుందంటారు. మా అత్తయ్య ఒక్కరే వేరేగా మాట్లాడారు. "రెండు కాపరాలు పెడితే రెండు పొయ్యిలు, రెండు సరుకుల చీటీలు, ఇద్దరికీ దిగులు. అందరం పోదాం" అన్నారు. అలా 2021లో అయిదుగురం కొయ్యూరు చేరాం. మూడేళ్ళు ఉండి వచ్చాం. ఇప్పటికీ పేరంటాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "అక్కడెలా ఉన్నారండీ?" అని. రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు కనుక తీరుబడిగా ఇక్కడ రాస్తున్నాను.

కొయ్యూరు పేరు మనందరికీ చిన్నప్పటి పాఠంలోనే తెలుసు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తీసుకొచ్చి చెట్టుకి కట్టి కాల్చేశారు. మంప ఈ మండలంలోదే. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నం నుంచి వచ్చే దారిలో తగులుతుంది. మా పిల్లలు ఆ పాఠం పుస్తకంలో చదవకముందే బస్సు కిటికీలోంచి చూశారు.

ఊరు మరీ కొండమీద ఉండదు. కొండల కాళ్ళ దగ్గర ఉంటుంది. వరి మళ్ళు, జీడిమామిడి తోటలు, నాలుగు కిరాణా కొట్లు, టిఫిన్ హోటళ్ళు, ఆఫీసులు, హాస్టళ్ళు. చింతపల్లి, లంబసింగి వాళ్ళలా మంచు చూపించి పర్యాటకుల్ని పిలవడానికి ఏమీ లేదు. మా ఇంటి ఓనర్లు భగతలు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు, 1970లో వచ్చిన 1/70 చట్టం ఉంది. కాబట్టి ఉద్యోగాల కోసం వెళ్ళిన మాలాంటి వాళ్ళం అక్కడ ఎన్నేళ్ళున్నా అద్దెకే. మా ఓనరమ్మ ఆ మాట నవ్వుతూ గుర్తు చేసేది. "మీరు ఎంత బాగా అలుకుపెట్టినా ఈ గుమ్మం మాదేనమ్మా!"

మేం ఉండగానే 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. కలెక్టరు ఆఫీసు పైన పాడేరులో. బట్టల కొట్లు, పెద్దాసుపత్రి, మా ఆడపడుచు ఇల్లు కింద నర్సీపట్నంలో. కాగితం పని పడితే ఘాటు ఎక్కాలి, కడుపునొప్పి వస్తే కిందికి దిగాలి. మాకేం, బస్సో కారో ఉంటుంది. కొయ్యూరు దాటి పైకి, కొండల్లో ఉన్న చిన్న చిన్న ఊళ్ళ సంగతి నాకు అక్క వల్ల తెలిసింది.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. పేరు రాయొద్దంది కనుక రాయను. వాళ్ళ ఊరి పేరు కూడా రాయను. ఊరంటే ఎంతనుకున్నారు, ఇరవై రెండు గడపలు. కొండదొరలు. సంతరోజు నెత్తిమీద అడ్డాకుల కట్టలు పెట్టుకుని మా వీధిలోంచి వెళ్ళేది. మొదటిసారి మంచినీళ్ళకి ఆగింది. కట్ట దించడానికి నేను చెయ్యి వేయబోతే, "నువ్వు పట్నేవమ్మా, నడుం పట్టేత్తాది" అని తానే దించుకుంది. ఆ కట్టని ఆ తర్వాత నేను ఎత్తి చూశాను. గ్యాస్ బండంత లేదు కానీ దానికి పెద్ద తక్కువేం కాదు.

అడ్డాకు మనకి పెళ్ళిళ్ళలో విస్తరిగానే తెలుసు. అది పెద్ద పెద్ద చెట్ల మీదికి పాకే తీగ. ఆకు ఎద్దు డెక్కలా మధ్యలో చీలి ఉంటుంది. తీగ ఎక్కడ ఉంటే అక్కడికి పోయి కోయాలి, ఎండబెట్టాలి, బరువు పెట్టి అణచాలి, లెక్కపెట్టి కట్టలు కట్టాలి. కుట్టేముందు నీళ్ళు చల్లితే మళ్ళీ మెత్తబడుతుంది. బాగా ఎండిన ఆకు నెలల తరబడి పాడవదు, అందుకే దూరాలకి లారీల్లో పోతుంది. కోసిందీ, ఎండబెట్టిందీ, మోసిందీ ఆడవాళ్ళే. లారీ ఎక్కాకే అది సరుకు అవుతుంది.

ఒకరోజు మాటల్లో "మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం అక్కా?" అని అడిగాను. కొంచెం ఆలోచించి, "ఉత్తి సేతుల్తో అయితే గంట. బరువుంటే రెండు. కడుపుతో ఉంటే... సెప్పలేం" అంది.

ఆ మాట నాకు అప్పుడు వింతగా వినిపించింది. మనం దూరాన్ని కిలోమీటర్లలో చెబుతాం, లేదా బస్సు టిక్కెట్టు ధరలో చెబుతాం. అక్క బరువుతో చెప్పింది. మూడేళ్ళు చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. దారి లేని ఊళ్ళో ఏ దూరమైనా చివరికి ఆడదాని నెత్తిమీదికే వస్తుంది.

వాళ్ళ ఏడాది ఎలా తిరుగుతుందో చెబుతాను. మనకి పండగలతో ఏడాది తిరిగినట్టు వాళ్ళకి మోతలతో తిరుగుతుంది. చలికాలంలో కోతలు, కొండచీపుర్లు. తర్వాత చింతపండు. మగవాళ్ళు చెట్టెక్కి దులుపుతారు. పెంకు కొట్టడం, ఈనె లాగడం, పిక్క తీయడం అంతా వాకిట్లో కూర్చుని ఆడవాళ్ళు చేస్తారు. పిక్క తీసిన పండుకి ఒక రేటు, పిక్కతో ఉన్నదానికి ఇంకో రేటు. ఆ తేడా డబ్బులు ఆడవాళ్ళ వేళ్ళలోంచి వస్తాయన్నమాట. వేసవి వస్తే జీడిపిక్కలు. పండు రాలిన చోటల్లా వంగి ఏరి, పిక్క తిప్పి విడదీసి, బుట్టకెత్తడం. తోటంతా పులిసిన జీడిపండ్ల వాసన. వానలు పడితే పోడు పని. సామలు, చోళ్ళు, కందులు. కలుపుకి వంగిన నడుం పంట కోసేదాకా లేవదు. ఇవికాక రోజూ ఉండేవి రెండు, నీళ్ళూ కట్టెలూ. ఊరికి దిగువన ఊటగెడ్డ ఉంది. దిగేటప్పుడు ఖాళీ బిందె, ఎక్కేటప్పుడు నిండు బిందె. "దేవుడు ఊట పైన పెట్టి ఊరు కింద పెడితే ఏటి పోనాది" అని అక్క నవ్వేది.

ఇదంతా చదివి అయ్యో పాపం అనుకోకండి. అక్క అలా అనుకోదు. సంతలో బేరం ఆడేటప్పుడు ఆవిడని చూడాలి. గిరిజన సహకార సంస్థ, అదేనండీ మనం గిరిజన్ తేనె కొంటామే ఆ జీసీసీ, 1956 నుంచి కొండ సరుకు కొంటోంది. అక్కడి రేటు ఎంత, షావుకారు ఎంత అంటున్నాడు, ఎవరి కాటా ఎలాంటిది, అన్నీ ఆవిడకి నోటిలెక్క. డబ్బు కొంగున కట్టుకునేది తనే. ఉప్పు, నూనె, ఎండుచేపలు, పిల్లల హాస్టలుకి సబ్బులు కొనేది తనే. పిల్లలిద్దరూ ఆశ్రమ పాఠశాలలో చదివారు. పండక్కి ఇంటికి వచ్చిన పిల్లల్ని మళ్ళీ హాస్టల్లో దింపేటప్పుడు ట్రంకు పెట్టె కూడా తన నెత్తిమీదే.

చైత్రంలో వాళ్ళకి ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి, డబ్బులు అడుగుతారు. ఇవ్వందే కదలనివ్వరు, పాటలు పాడి ఆటపట్టిస్తారు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళేసరికి జేబులో చిల్లర అయిపోయేది. మా అత్తయ్యకి ఆ పండగ భలే నచ్చింది. "ఏడాదిలో ఆ నాలుగు రోజులైనా రోడ్డు ఆడవాళ్ళ చేతిలో ఉంది" అనేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. అక్కకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురికి పై ఊళ్ళోనే మేనరికం ఇచ్చారు. మేము వెళ్ళకముందు ఏడాది ఆ పిల్లకి మొదటి కాన్పు. వానాకాలం, అర్ధరాత్రి నొప్పులు. డోలీ కట్టారు. డోలీ అంటే పల్లకీ అనుకునేరు. ఒక గట్టి కర్ర, దానికి దుప్పటి ఉయ్యాలలా కట్టడం. ముందొకరు, వెనకొకరు. అలిసిపోతే భుజం మార్చడానికి ఇంకో నలుగురు. పక్కన టార్చి పట్టుకుని ఆడవాళ్ళు. 108కి ఫోన్ చేస్తే వాళ్ళు రోడ్డు ఉన్నంతవరకు వచ్చి నిలబడ్డారు. మధ్యలో గెడ్డ పొంగింది. ఇవతల డోలీ, అవతల అంబులెన్సు లైటు. నీళ్ళు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఒడ్డునే బిడ్డ పుట్టాడు. నిలవలేదు.

అక్క ఈ సంగతి నాకు ఏడుస్తూ చెప్పలేదు. చింతపండు పిక్కలు తీస్తూ చెప్పింది. చెయ్యి ఆగలేదు. చివర్న మాత్రం, "లైటు కనపడతానే ఉందమ్మా" అంది. అంతే.

2023లో ఆ పిల్లకి మళ్ళీ నెల తప్పింది. లెక్కపెడితే శ్రావణంలో కాన్పు. అంటే మళ్ళీ వానల్లోనే. ఒక సంతరోజు అక్క మా వసారాలో కూర్చుని చాలాసేపు ఏదేదో మాట్లాడింది. లేచేటప్పుడు అడిగింది. "ఆకర్న పదేను రోజులు పిల్లని ఇక్కడ పడుకోనిత్తారా? బియ్యం నేనే తెత్తాను. అది పని సేత్తాది, ఊరికే కూకోదు."

నేను వెంటనే సరే అనేదాన్నే. కానీ ఇంట్లో ఇంకా నలుగురు మనుషులున్నారు, ఇల్లు అద్దె ఇల్లు. రాత్రి భోజనాలయ్యాక మాట తీశాను. మా ఆయన భయపడ్డారు. "రాత్రిపూట ఏదైనా అయితే? మన ఇంట్లో జరిగిందంటారు" అన్నారు. తప్పేం కాదు ఆ భయం. పై ఊరి మనుషులకీ మాకూ మధ్య చుట్టరికం లేదు, కులం కలవదు, ఏదైనా జరగరానిది జరిగితే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి? అత్తయ్య పక్క దులుపుకుంటూ వింటున్నారు. అప్పుడు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

అత్తయ్యది నాతవరం వైపు చిన్న పల్లె. మా ఆయన పుట్టేటప్పుడు ఏరు వచ్చింది. బండి కట్టారు. ఎడ్లు నీళ్ళలో దిగనన్నాయి. ఏరు తగ్గేదాకా బండిలోనే పడుకోబెట్టారట. బండి మీద తాటాకుల గూడు, లోపల అత్తయ్య, అత్తయ్య తల్లి. "మా అమ్మ ఆ రాత్రంతా నాకు కథలు చెప్పింది. నొప్పి మర్చిపోతానని. ఒక్క కథా గుర్తు లేదు. ఏటి చప్పుడు గుర్తుంది" అన్నారు. తెల్లారాక దాటించారు. మా ఆయన క్షేమంగానే పుట్టారు, ఎదురుగా కూర్చుని వింటున్నారు కదా! "ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. మీరు కారులో దాటుతూ పాటలు పెట్టుకుంటారు. వాళ్ళకి ఇంకా రాలేదు, అంతే తేడా. పిల్లని రమ్మను" అన్నారు.

మర్నాడు ఆశా కార్యకర్తతో మాట్లాడాం, నర్సమ్మతో మాట్లాడాం. వారానికోసారి వచ్చి చూస్తామన్నారు, బీపీ రాసే కార్డు ఇచ్చారు, ఫోన్ నంబర్లు గోడమీద రాసిపెట్టుకోమన్నారు. ఓనరమ్మకి చెబితే, "మీరు అడగాలా? మా వాళ్ళ పిల్లే కదా" అని నులకమంచం తానే పంపింది.

ఆ పిల్ల మా ఇంట్లో పంతొమ్మిది రోజులు ఉంది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. పదో తరగతి వరకు చదివింది. మొదటి రెండు రోజులు వసారా దాటి లోపలికి రాలేదు. మూడో రోజు పొద్దున్నే లేచేసరికి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేసి ఉంది. అత్తయ్య కోప్పడ్డారు. "బిందెలు ఎత్తకు, వంగకు" అని ఆర్డరు వేశారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ, "కాలీగా ఉంటే మెడ నొప్పెడతంది పెద్దమ్మా" అంది. మాకు నవ్వొచ్చింది. తర్వాత ఆ మాట తలుచుకుంటే నవ్వు రాలేదు. పదేళ్ళ వయసు నుంచి బరువు అలవాటైన మెడ అది. బరువు లేకపోతే దానికి తోచదు.

ఆఖరికి అత్తయ్యే ఒక దారి కనిపెట్టారు. అక్క తెచ్చిన అడ్డాకులు ముందేసుకుని ఇద్దరూ విస్తళ్ళు కుట్టేవాళ్ళు. మా అత్తయ్యకి చిన్నప్పుడు మోదుగాకుల విస్తళ్ళు కుట్టడం వచ్చు. ఈ పిల్లది వేరే పద్ధతి. పుల్ల ఎక్కడ గుచ్చాలన్న దాని మీద ఇద్దరికీ రోజూ వాదన. ఆ పిల్ల చోడి అంబలి కాచేది, పల్చగా, రాత్రి పులియబెట్టి. అత్తయ్యకి సుగర్ ఉంది కనుక అది బాగా పట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో పొద్దుటి పూట అదే. మా పెద్దది ఆ పిల్లకి ఫోన్లో తెలుగు టైప్ చేయడం నేర్పింది. సాయంత్రాలు పొలం నుంచి దిగి వచ్చి అక్క కాసేపు కూర్చునేది. అవి కలుపు రోజులు. తన పోడులో కలుపు ఎవరు తీస్తున్నారంటే, ఊళ్ళో ఆడవాళ్ళు తలో పూట వెళ్ళి తీస్తున్నారంది. తర్వాత వాళ్ళ చేలో తను తీస్తుంది. డబ్బు లెక్క లేదు, రోజుల లెక్క. ఆ లెక్క ఎవరూ పుస్తకంలో రాయరు, ఎవరూ మరిచిపోరు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం చూసినప్పుడు బీపీ ఎక్కువగా ఉందన్నారు. కాళ్ళు ఉబ్బాయి, తలనొప్పి అంటోంది. మన ఇళ్ళలో అయితే ఇది "డాక్టరుగారు జాగ్రత్త అన్నారు" అనే స్థాయి మాట. కొండమీద ఇదే మాట వేరు. ఆలస్యం చేయకుండా నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి పంపించారు. 108 మా గుమ్మం ముందే ఆగింది. పిల్ల తనంతట తాను నడిచి ఎక్కింది. అక్క, నేను పక్కన కూర్చున్నాం. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి వేస్తున్నారు కదా, ఆ రోజుల్లో మా వీధంతా ఆ దుమ్మే. రోజూ విసుక్కునేదాన్ని. ఆ రాత్రి మాత్రం రోడ్డు రోడ్డులా కనిపించింది. అక్క దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. కృష్ణదేవిపేట దాటాక అడిగింది, "దాటీసినామా?" అని. ఏం దాటామని అడుగుతోందో నాకు అర్థమైంది. "దాటేశాం అక్కా, ఇక గెడ్డలేవీ లేవు" అన్నాను.

తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండుంబావు కిలోలు. తల్లికి బీపీ తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

కుట్లు మానాక, వానలు కొంచెం ఎడమిచ్చాక, తల్లీబిడ్డల్ని పైకి తీసుకెళ్ళారు. ఆ రోజు నేనూ వెళ్ళాను. ఆటోలో గెడ్డ దాకా, అక్కణ్ణుంచి నడక. అక్క చెప్పిన గంట ఆవిడ గంట. ఉత్తి చేతులతో నాకు రెండు గంటలు పట్టింది. బిడ్డని అక్క గుడ్డతో వీపుకి కట్టుకుంది. నెత్తిమీద నేను పంపిన సామాన్ల బుట్ట. ఆ రెండిటితోనూ నాకన్నా ముందే ఎక్కి, మలుపు మలుపుకీ నాకోసం ఆగింది.

ఊరు చక్కగా ఉంది. మట్టి గోడలు, పై సగం తెల్లమట్టి, కింద సగం ఎర్రమట్టి అలికినవి. కొన్నింటికి రేకులు, కొన్నింటికి పెంకులు. ప్రతి ఇంటి పక్కనా పనసచెట్టో చింతచెట్టో ఉంది. ఊళ్ళోవాళ్ళందరూ బిడ్డని చూడటానికి వచ్చారు. మమ్మల్ని చూసి ఏడ్చిన వాళ్ళు ఇద్దరున్నారు. నేను ఎందుకని అడగలేదు.

అన్నం తిన్నాక అక్క దూలానికి వేలాడుతున్న ప్లాస్టిక్ సంచి దించి ఒక కాగితం చూపించింది. పోడు భూమి పట్టా. 2006లో చేసిన అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చింది. ఆ భూమి అమ్మడానికి లేదు, పిల్లలకి వస్తుంది. పెళ్ళయిన వాళ్ళకైతే హక్కు మొగుడూపెళ్ళాలిద్దరి పేరా ఉమ్మడిగా రాయాలని ఆ చట్టంలోనే ఉంది. కాగితం మీద అక్క పేరు వేలితో చూపించింది. చదవడం రాదు కానీ తన పేరు ఎక్కడుందో తెలుసు. "ఇది నేనే" అంది. మనలో ఎంతమంది ఇంటి కాగితం మీద వేలు పెట్టి ఆ మాట అనగలమో మీరే లెక్క వేసుకోండి. మా నర్సీపట్నం ఇంటి దస్తావేజులో ఉన్నది మా ఆయన పేరొక్కటే. ఆ సంగతి ఆ రాత్రి ఆయనతో అన్నాను. మాట నడుస్తోంది, ఇంకా తేలలేదు.

దిగి వచ్చేటప్పుడు నాకు పాత పాఠం గుర్తొచ్చింది. సీతారామరాజు పితూరీకి కారణాలు పరీక్షల్లో రాసేవాళ్ళం. పోడు కొట్టనివ్వకపోవడం ఒకటి. రెండోది రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళతో చాకిరీ చేయించి సరైన కూలి ఇవ్వలేదు. అధికారుల సామాన్లు మోయడానికి వెట్టి ఉండేది. బట్టిపనుకుల గాం గంటందొర, గాం మల్లుదొర లాంటివాళ్ళు తిరగబడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. నూరేళ్ళ క్రితం వాళ్ళ నెత్తిన బలవంతంగా మోపిన రోడ్డు మీద కోపం. ఇవాళ వాళ్ళ మనవలకి రాని రోడ్డు మీద కోపం. పైకి రెండూ ఎదురుబొదురు మాటల్లా ఉన్నాయి. నడిచి చూస్తే ఒకటే. ఎవరి సౌకర్యానికి ఎవరు మోయాలన్నదే అప్పుడూ ఇప్పుడూ తగువు.

మేం వచ్చేసేనాటికి ఆ ఊరివాళ్ళు తామే పలుగూ పారా పట్టి మట్టిదారి తవ్వుకుంటున్నారు. ఇంటికొక మనిషి చొప్పున పని. ఇప్పుడు సగం దాకా బైకు వెళుతోందట. గెడ్డ మీద వంతెన ఇంకా లేదు. ఏజెన్సీలో కొన్ని చోట్ల గర్భిణుల కోసం వసతి గృహాలు పెట్టారు, నెలలు నిండినవాళ్ళు ముందే దిగి వచ్చి ఉండొచ్చు. మంచి పని. అన్ని ఊళ్ళకీ అందాలి. అందేదాకా ఎవరో ఒకరి వసారా కావాలి.

ఆ ఏడాది చివరికి ఇంకో పిల్ల వచ్చి మా నులకమంచం మీద పది రోజులు ఉంది. మేం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్లన్నీ లారీకి ఎక్కించాక, కొత్తగా దిగుతున్న టీచరమ్మని పిలిచి అత్తయ్య ఇల్లంతా చూపించారు. కుళాయి ఎప్పుడొస్తుంది, పాలు ఎవరు పోస్తారు, ఏ కిటికీ గడియ వదులు, అన్నీ చెప్పారు. గోడమీద ఫోన్ నంబర్లు చూపించి చెరపొద్దన్నారు. ఆఖరున వసారాలోకి తీసుకెళ్ళి, "ఈ మంచం మాది కాదమ్మా, ఇక్కడే ఉంటుంది. శ్రావణానికి ఎవరైనా వస్తారు" అన్నారు.